రహదారియు పాదచారియు

దారి యనునది యొకరి సొత్తు కాదు. చేను ఒకరిది కావచ్చును, ఇల్లు ఒకరిది కావచ్చును, బావియు ఒకరిదే కావచ్చును. కాని చేనికిని ఇంటికిని బావికిని పోవు దారి అందరిది. పొలిమేరలోని కాలిబాటను ఎవడైనను కంప వేసి మూసినచో ఊరివారు కూడి ఆ కంపను తీయించుట పల్లెలు ఎరిగిన విషయమే. దారి మూసినవానిని లోకము క్షమింపదు. అయితే కంప వేయకయే, గోడ కట్టకయే దారిని మూయు విధానమొకటి ఈ కాలమున ఏర్పడినది. ఆ కంప పేరు వేగము. రహదారికి ఈ ప్రక్క ఇల్లు, ఆ ప్రక్క బడి. నడుమ ఎడతెగక సాగు వాహనములు. ఆ ప్రక్కకు పోలేనివానికి అది దారి కాదు, వరద వచ్చిన ఏరు.

అట్టి ఏటిపై వంతెన వంటిది జీబ్రా క్రాసింగు. చూచుటకు అది అల్పమైనది. తారుపై కొన్ని తెల్లని పట్టెలు, ప్రక్కనొక స్తంభము, ఒక దీపము. అయినను దానిని నిర్మింపవలెనా వలదా యను చర్చలో ధర్మమునకు సంబంధించిన మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. దారి ఎవరిది? ఇద్దరు ఎదురుపడినచోట ఆగవలసినవాడెవడు? దాటుమని అభయమిచ్చినవాని బాధ్యత ఎంతవరకు? ఈ మూడు ప్రశ్నలును స్పష్టముగా బయటపడిన చోటు అమెరికా సంయుక్త రాష్ట్రములు. అక్కడ ఒక నగరము తన ప్రజలకొరకు రాష్ట్ర రహదారిపై దాటుదారిని నిర్మింపదలచినప్పుడు జరుగు తర్జనభర్జనలను పరిశీలించినచో, ఆ చిన్న పట్టెల వెనుక ఎంత విచారణ కలదో తెలియును.

ఆ దేశమున 1916వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వము రహదారుల నిర్మాణమునకు ధనసహాయము చేయుటకై యొక చట్టమును చేసెను. సహాయమును కోరు ప్రతి రాష్ట్రమును ఒక రహదారుల శాఖను కలిగియుండవలెనని అది విధించెను. అంతవరకు పట్టణములకు పెద్దవీధులుగా నుండిన దారులు అనేకము క్రమముగా రాష్ట్ర రహదారులలో కలిసినవి. దానివలన ఒక విచిత్రస్థితి ఏర్పడినది. వీధికి ఇరువైపుల నున్న ఇండ్లు, అంగళ్లు, పాఠశాలలు పురపాలక సంఘము క్రిందివి. నడుమనున్న తారు మాత్రము రాష్ట్ర శాఖ క్రిందిది. తన పౌరులు దాటుటకు నాలుగు పట్టెలు గీయవలెనన్నను పురపాలక సంఘము శాఖవారి అనుమతిని పొందవలెను. జనులు తమ కష్టమును ఊరి పెద్దలకు చెప్పుకొందురు. ఊరి పెద్దలు శాఖకు వ్రాయుదురు. శాఖ తన నియమగ్రంథమును తెరచి చూచును. పురపాలకులకు ముఖ్యుడు ఆ ఊరి మనిషి. శాఖకు ముఖ్యము ఒక కొననుండి మరియొక కొనకు నిరాటంకముగా సాగు వాహనము. ఇరువురును తమ తమ కర్తవ్యమునే చేయుచున్నారు. అయినను ఒకే తారుపై రెండు కర్తవ్యములు ఎదురెదురుగా నిలిచినవి. ధర్మసంకటమనగా ఇదియే.

జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరమునకు ఈశాన్యముగా సాగు బ్యూఫర్డ్ హైవే ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఇది ఆ రాష్ట్రపు 13వ నంబరు రహదారి. బ్రూక్‌హేవెన్, చాంబ్లీ, డోరావిల్ పట్టణముల ప్రాంతమున ఇది పెక్కుచోట్ల ఏడు వరుసల వెడల్పు గలది. పోవుటకు మూడు వరుసలు, వచ్చుటకు మూడు, ప్రక్కకు మరలు వాహనములకు నడుమ నొకటి. ఈ దారి ప్రక్కన అపార్టుమెంటులు కట్టిన కాలమున, అందు కాపురముండువారికి కార్లు ఉండునని కట్టినవారి తలంపు. తరువాతి దశాబ్దములలో మెక్సికో, మధ్య అమెరికా, కొరియా, వియత్నాం, చైనా మొదలగు దేశముల నుండి వలసవచ్చినవారు అక్కడ స్థిరపడిరి. వారిలో కారు లేనివారు అనేకులు. పనికి పోవుటకు, బస్సు ఎక్కుటకు, అంగడికి పోయి సరకులు తెచ్చుకొనుటకు ఆ ఏడు వరుసలను దాటవలసినవారు వారే. చిరకాలము ఆ దారికి చాలమేర కాలిబాట లేదు. గడ్డిలో మనుష్యుల అడుగులు పడి పడి ఏర్పడిన సన్నని మట్టిచాలే వారికి కాలిబాటయైనది. సిగ్నలు దీపములు గల కూడలులు దూరదూరముగా నుండుటచే జనులు నడుమనే దాటుచుండిరి. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. తరువాతి కాలమున రాష్ట్ర శాఖ అక్కడ కాలిబాటలను, నడిమి తిన్నెలను, పాదచారుల దీపములను నిర్మించెను. కాని ఆ మట్టిచాలు ఏర్పడిన నాటికిని దీపము వెలిగిన నాటికిని నడుమ గడచిన కాలమే ఇచట ఆలోచింపదగినది. మనుష్యులు నడచుచున్నారని భూమియే సాక్ష్యము చెప్పినది. ఆ సాక్ష్యమును చదువువారు బహుకాలము లేకపోయిరి.

ఇట్టి దారిని దాటుటలోని అపాయము సామాన్యమైన లెక్కతో తెలియును. ఏడు వరుసల వెడల్పు సుమారు 80 అడుగులు. అక్కడి ఇంజనీర్లు దీపముల కాలమును నిర్ణయించునప్పుడు మనిషి నడకను సెకనుకు మూడున్నర అడుగులుగా గణింతురు. ఆ లెక్కన 80 అడుగులు దాటుటకు సుమారు 23 సెకనులు పట్టును. గంటకు 45 మైళ్లు, అనగా సుమారు 72 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ 23 సెకనులలో 460 మీటర్లు పరుగెత్తును. కాబట్టి ఒకడు తారుపై మొదటి అడుగు వేయునప్పుడు దాదాపు అర కిలోమీటరు దూరమున చిన్నబొమ్మవలె కనిపించు కారు, అతడు కడపటి అడుగు వేయులోపల అతని మీదికి రాగలదు. అంత దూరమునుండి వచ్చుదాని వేగమును కొలుచుట పడుచువానికే కష్టము. చేతిలో సంచియు చంకలో బిడ్డయు గల తల్లికి, మోకాళ్లు పట్టిన వృద్ధునకు, రాత్రివేళ పనినుండి మరలు శ్రామికునకు అది ఎట్లు సాధ్యము? జాగ్రత్తగా దాటుమని చెప్పుట సులభము. అయితే ఎంత జాగ్రత్త పడినను చాలని తావులు కలవు. అట్టి తావున జాగ్రత్తను బోధించుటతో సరిపుచ్చినచో అది బోధ కాదు, చేతులు కడుగుకొనుట.

వేగము పెరిగినకొలది చావు సమీపించు తీరును అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌వారి రక్షణ సంస్థ 2011లో ప్రకటించిన పరిశోధన వెల్లడించినది. వాహనము గంటకు 23 మైళ్ల వేగముతో తాకినచో పాదచారి మరణించుటకు గల అవకాశము సగటున నూటికి 10 పాళ్లు. 32 మైళ్లకు 25 పాళ్లు. 42 మైళ్లకు 50 పాళ్లు. 50 మైళ్లకు 75 పాళ్లు. అనగా వేగము రెట్టింపుకంటె కొంచెము పెరుగగా మరణభయము ఏడున్నర రెట్లైనది. చోదకునకు ఇరువది మైళ్లకును నలుబది మైళ్లకును గల భేదము గడియారములో కొన్ని నిమిషములు. పాదచారికి అది చావుబ్రతుకుల భేదము. ఒకే వేగమునకు ఇరువురు చెల్లించు మూల్యము ఇంత వేరుగా నున్నప్పుడు, ఆ వేగమెంత యుండవలెనో నిర్ణయించు అధికారము ఒక్క చోదకునికే విడిచిపెట్టుట న్యాయము కాదు.

న్యాయస్థానమునకు ఎక్కిన ఒక ఉదంతము ఈ విచారమునకు మరింత బలము నిచ్చును. జార్జియాలోనే మరియొక రాష్ట్ర రహదారిపై 2010వ సంవత్సరమున ఒక తల్లి తన చిన్నబిడ్డలతో బస్సు దిగెను. ఇల్లు ఎదుటనే కలదు. గుర్తించిన దాటుదారి మాత్రము అక్కడికి ఒక మైలులో పదింట మూడు వంతుల దూరమున, అనగా దాదాపు అర కిలోమీటరు దూరమున నున్నది. ఆమె బస్సు దిగినచోటనే దాటబోయెను. వేగముగా వచ్చిన వాహనము నాలుగేండ్ల బాలుని బలిగొని ఆగకయే పోయెను. తరువాత చోదకునకు ఆరునెలల చెర లభించెను. తల్లిపైనను అభియోగము మోపబడెను. దాటుదారి లేనిచోట దాటి బిడ్డ మరణమునకు కారణమైనదని 2011లో జూరీ ఆమెను దోషిగా నిర్ణయించెను. మూడేండ్లవరకు శిక్ష పడదగిన నేరమది. దేశమంతట ఆక్షేపణ లేచినది. న్యాయమూర్తి చెర విధింపక, కోరినచో పునర్విచారణకు అవకాశమిచ్చెను. చివరకు 2013లో దారి తప్పి దాటినందుకు స్వల్పమైన జుల్మానాతో ఆ వ్యాజ్యము ముగిసెను.

ఈ వ్యాజ్యమున చోదకుని తప్పు విచారింపబడినది, తల్లి తప్పు విచారింపబడినది. బస్సు నిలుచుచోటును ఇంటి ఎదుట నిర్ణయించి, దాటుదారిని అర కిలోమీటరు దూరమున ఉంచిన ఏర్పాటు మాత్రము బోనెక్కలేదు. ఆ ఏర్పాటునకు ముఖము లేదు, పేరు లేదు. పలువురు అధికారులు పలు సంవత్సరములలో చేసిన పలు చిన్న నిర్ణయముల మొత్తమది. ఒక్కొక్కరును తమవంతు పనిని నియమము ననుసరించియే చేసియుందురు. అందరును నియమమును పాటించుచుండగా ఒక బాలుడు మరణించుట సంభవమైనప్పుడు, తప్పు నియమములోనే కలదా యని అడుగక తప్పదు.

ఆ నియమము ఎట్టిదో చూతము గాక. అమెరికాలో రహదారి గుర్తులకును దీపములకును కేంద్ర రహదారుల పాలనాశాఖ ప్రకటించిన ఒక సంహిత కలదు. దాని 2009 నాటి కూర్పు ప్రకారము పాదచారులకొరకు సిగ్నలు దీపమును నిలుపుటకు, వాహనములు మిక్కుటముగా నున్న చోటనైనను, నాలుగు గంటలపాటు గంటకు కనీసము 107 మంది దాటుచుండవలెను. వేగము 35 మైళ్లకు మించిన దారిపై ఆ సంఖ్య 75. లేదా 12 నెలలలో సిగ్నలు దీపముచే నివారింపదగిన ప్రమాదములు 5 జరిగి యుండుట మరియొక ప్రమాణము. 2023 డిసెంబరులో వెలువడిన 11వ కూర్పులో కొన్ని సడలింపులు వచ్చినవి. కాని లెక్కించి నిర్ణయించు పద్ధతి నిలిచియే యున్నది.

లెక్క దోషము కాదు. ప్రజాధనమును ఖర్చుచేయువాడు అవసరమును కొలిచి చూడవలసినదే. దీపములను అక్కరలేనిచోట నిలిపినచో చోదకులు వానిని గౌరవించుట మానుదురను ఇంజనీర్ల మాటయు తోసివేయదగినది కాదు. అయినను ఎవరిని లెక్కించుచున్నారో గమనింపవలెను. దాటుటకు భయపడి ఇంటనే నిలిచిన వృద్ధురాలు ఆ లెక్కలోనికి రాదు. ఎదుటి బడికి బిడ్డను నడిపింపక అప్పుచేసి కారు కొన్న తండ్రి ఆ లెక్కలోనికి రాడు. ఏటిని ఈదువారి సంఖ్యను చూచి వంతెన అక్కరలేదని తేల్చుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఏరు ఎంత భయంకరమైనదో ఈదువారు అంత తక్కువగా నుందురు. ప్రమాదముల లెక్క ఇంకను దారుణమైనది. ముందుగా రక్తము చిందినగాని రక్షణ రాదని దాని భావము. వైద్యుడు రోగము రాకమునుపే పథ్యము చెప్పును. ఇల్లాలు దీపమును చీకటి పడకమునుపే వెలిగించును. రహదారి విషయమున మాత్రము చీకటిలో ఇంతమంది పడిరని నిరూపించినచో దీపము పెట్టుదుమనుట వివేకమనిపించుకొనదు.

ఇచట పూర్వపక్షులు మూడు మాటలు చెప్పుదురు. దినమునకు వేలకొలది వాహనములు పోవు దారిలో కొలదిమంది కొరకు అందరిని ఆపుట బహుజనులకు అన్యాయము కదా యనునది మొదటిది. నడచువాడు కొంచెము శ్రమపడి కూడలివరకు పోయి దాటరాదా యనునది రెండవది. ఇంత ధనము ఎచ్చటినుండి వచ్చుననునది మూడవది.

మొదటి మాటలో ఒక తర్కదోషము కలదు. వేయిమంది చోదకులు ఒక్కొక్కరు అర నిమిషము ఆగినచో ఐదువందల నిమిషములు నష్టమైనవని లెక్కకట్టుదురు. కాని ఆ ఐదువందల నిమిషములను అనుభవించువాడు లోకమున ఎవడును లేడు. ప్రతి ఒక్కడును అనుభవించునది అర నిమిషమే. ప్రాణము పోయినవాని నష్టము అట్లు పంచుకొనబడదు. అది సంపూర్ణముగా ఒక్కనిదే. చిన్నచిన్న అసౌకర్యములను కుప్పవేసి ఒకని ప్రాణముతో తూచుట, వేయిమంది కాలికి గుచ్చుకొనిన ముండ్లను ఒకని మెడపై కత్తితో సమానము చేయుట వంటిది.

మరియు ఆగవలసినవాడెవడను ప్రశ్నకు సమాధానము బలమును బట్టి రావలెను. నడచువాడు ఎవరికిని ప్రాణభయము కలిగింపడు. రెండువేల కిలోల ఇనుమును పరుగెత్తించువాడు కలిగించును. అపాయమును దారికి తెచ్చినవాడే జాగ్రత్తలో అధికభాగమును మోయవలెననుట లోకసామాన్యమైన నీతి. పదునైన కొడవలి పట్టినవాడు గుంపులో దానిని దించి నడచునే గాని, గుంపును తొలగిపొమ్మని గద్దింపడు. బండి తోలువాడు కేకవేసి, పగ్గము బిగించి, బిడ్డ దాటువరకు ఆగుట పల్లెవీధులలో ఎవరును నేర్పని ధర్మము. బండికి ఎద్దులు పోయి యంత్రము వచ్చినంతమాత్రమున ఆ ధర్మము తలక్రిందులు కానేరదు.

రెండవ మాటకు సమాధానము పైన చెప్పిన ఉదంతములోనే కలదు. అర కిలోమీటరు పోయి, దాటి, మరల అర కిలోమీటరు వెనుకకు వచ్చుటకు ఇంజనీర్ల లెక్క ప్రకారమే పావుగంటకు పైగా పట్టును. కారులో కూర్చున్నవాడు అర నిమిషము ఆగుట కష్టమనియు, ఎండలోను వానలోను బరువుతో నడచువాడు ప్రతిసారియు పావుగంట అధికముగా నడచుట సహజమనియు భావించుటలో, నడచువాని కాలము కాలము కాదను తలంపు దాగియున్నది. ఎవరి కాలమునకు విలువ కట్టుదురో వారినే మనుష్యులుగా ఎంచుదురు. పేదరికమును అవమానించు మార్గములలో ఇది మిక్కిలి నిశ్శబ్దమైనది.

ఈ తలంపు భాషలోనికిని ప్రాకినది. గుర్తులేనిచోట దాటువానిని ఆ దేశమున జేవాకర్ అందురు. జే యనగా వారి వాడుకలో నాగరకత తెలియని పల్లెటూరి మొద్దు. 1920ల ప్రాంతమున మోటారు వర్తకులును వారి సంఘములును ఈ మాటను ప్రచారమునకు తెచ్చి, అంతవరకు అందరును స్వేచ్ఛగా నడచిన వీధులలో నడచువానినే పరిహాసపాత్రుని చేసిరి. లాస్ ఏంజిలిస్ నగరము 1925లో పాదచారులను కట్టడి చేయు శాసనమును చేసెను. ఇతర నగరములు ఆ మార్గమున నడచినవి. హక్కును తీసికొనుటకు మునుపు గౌరవమును తీసికొనుట లోకరీతి. నూరేండ్లు గడచిన పిమ్మట ఆ ధోరణి కొంత మారుచున్నది. వర్జీనియా రాష్ట్రము 2021లో నియమమును సడలించెను. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుండి, తక్షణ ప్రమాదమునకు అవకాశము లేనిచోట దాటినవానిని పోలీసులు పట్టి జుల్మానా వేయరాదని చట్టము వచ్చెను. ఇంకొక విశేషము కలదు. అక్కడి రాష్ట్రముల చట్టములలో సాధారణముగా, రెండు దారులు కలియు కూడలిలో రంగు వేయకున్నను దాటుదారి ఉన్నట్లే లెక్క. అనగా తారుపై పట్టెలు లేకున్నను చట్టములో హక్కు కలదు. హక్కు కలదని ఎరుగని చోదకుని ఎదుట ఆ హక్కు ఎంతవరకు కాపాడునో వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవదియైన ధనము మాటకు దీర్ఘమైన సమాధానము అక్కరలేదు. ఏడు వరుసల తారు వేయుటకు దొరికిన ధనము, ఆ తారు చీల్చివేసిన ఊరిని మరల కలుపుటకు దొరకకపోదు. దారి వెడల్పు చేసిననాడే దాటుదారి ఖర్చును ఆ పనిలో చేర్చి లెక్కింపవలసినది.

ఇక మూడవ ప్రశ్న మిగిలినది. దాటుమని అభయమిచ్చినవాని బాధ్యత ఎంత? ఇది మిక్కిలి సూక్ష్మమైన విషయము. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో నగరమున జరిగిన ఒక పరిశోధన 1972లో వెలువడి పలువురిని ఆశ్చర్యపరచెను. రంగు వేసిన దాటుదారులలో, వేయని దాటుదారులకంటె, దాటువారి సంఖ్యతో పోల్చిచూచినను ప్రమాదములు సుమారు రెండు రెట్లుగా కనిపించినవి. రంగు మనుష్యులకు లేనిపోని ధైర్యము నిచ్చుచున్నదని పలువురు ఇంజనీర్లు దానిని వ్యాఖ్యానించి, అనేక సంవత్సరములు ఆ కారణము చెప్పి పట్టెలు గీయుటకే నిరాకరించిరి. తరువాత 30 నగరములలో రంగు వేసిన తావులు 1,000, వేయని తావులు 1,000 పరీక్షించి చేసిన మరియొక పరిశోధన 2005లో వెలువడెను. రెండు వరుసల చిన్నదారిలో రంగు వేసినను వేయకున్నను భేదము కనిపింపలేదు. దినమునకు 12,000 వాహనములకు మించి తిరుగుచు, నడుమ ఎత్తైన తిన్నె లేని పలు వరుసల దారిలో మాత్రము, వట్టి రంగు మాత్రమే వేసినచోట ప్రమాదములు అధికముగా నుండెను.

దానికి కారణము ఆలోచించినచో తెలియును. మొదటి వరుసలోని చోదకుడు సజ్జనుడై ఆగును. అతని వాహనము చాటున నడచువాడు రెండవ వరుసలోని చోదకునకు కనబడడు. మొదటివాని దయను నమ్మి అడుగు ముందుకు వేసినవానిని రెండవవాని తొందర పట్టుకొనును. ఒకని మంచితనము మాత్రమే చాలదనుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకదు. అందరిని ఒక్కసారిగా ఆపు ఏర్పాటు కావలెను.

ఈ పరిశోధనల నుండి రెండు విధములైన తీర్మానములు చేయవచ్చును. అభయము అపాయకరమైనది గనుక అభయమే ఈయవలదనునది ఒకటి. ఇచ్చిన అభయమును నిలుపుటకు వలసినదంతయు చేయవలెననునది రెండవది. మొదటి తీర్మానమును చేసినవారు పట్టెలు గీయుట మానిరి. జనులు దాటుట మానలేదు. ఇల్లు ఒక ప్రక్కను బస్సు మరియొక ప్రక్కను ఉన్నంతకాలము వారు దాటక మానరు. కాబట్టి రెండవ తీర్మానమే ధర్మసమ్మతము. వట్టి రంగు వేసి మంత్రి చేత ప్రారంభోత్సవము చేయించి మరలిపోవుట, శరణన్నవానికి చెయ్యి చూపి ఇంటి తలుపు తెరువకుండుట వంటిది. ఆడిన మాటకు అర్థము ఆచరణలో నున్నది. గీసిన పట్టెకు అర్థము ఆగిన చక్రములో నున్నది.

ఆచరణకు మార్గము లేకపోలేదు. నడుమ ఎత్తైన తిన్నె కట్టినచో నడచువాడు ఒకేసారి ఏడు వరుసలను కాక, మూడు వరుసలు దాటి నిలిచి, మరల మూడు దాటవచ్చును. ఒకేసారి ఒక దిక్కునే చూడవచ్చును. అరిజోనా రాష్ట్రములోని టూసాన్ నగరపు ఇంజనీర్లు 1990ల చివర ఒక క్రొత్త దీపమును రూపొందించిరి. ఎవరును దాటనప్పుడు అది ఆరియుండును. వాహనములు యథేచ్ఛగా పోవును. నడచువాడు మీట నొక్కగానే పసుపుదీపము మినుకుమినుకుమని హెచ్చరించి, పిమ్మట నిలుకడగా వెలిగి, తరువాత జంట ఎఱ్ఱదీపములు అన్ని వరుసలను ఒక్కసారిగా ఆపును. అతడు దాటుచు ముందుకు సాగినకొద్ది ఎఱ్ఱదీపములు మినుకుమనుచుండగా, దారి ఖాళీయైనచో చోదకులు ఆగి చూచి పోవచ్చును. 2010లో కేంద్ర పాలనాశాఖ ప్రకటించిన పరిశోధనలో ఈ దీపము పెట్టినచోట పాదచారుల ప్రమాదములు నూటికి 69 పాళ్లు తగ్గినట్లు తేలెను. మొత్తము ప్రమాదములును నూటికి 29 పాళ్లు తగ్గినవి. అనగా చోదకునకు నష్టమని తలచిన ఏర్పాటు చోదకునకును రక్షణ యైనది. దీనిని నిలుపుటకు 2009 సంహిత కోరిన కనీస సంఖ్య గంటకు 20 మంది మాత్రమే. లెక్కించు దృష్టి మారినచో నియమమును మారునని దీనివలన తెలియుచున్నది.

ఇంత విజ్ఞానము చేతనున్నను ఆ దేశమున 2009లో 4,100కు మించిన పాదచారుల మరణములు 2022లో 7,500కు మించినవి. తెలియకపోవుట వేరు, తెలిసియు చేయకపోవుట వేరు. మొదటిది అజ్ఞానము, రెండవది అధర్మము.

ఈ విచారము ఒక్క అమెరికాకు చెందినది కాదు. పిల్లలను చూచుటకై అక్కడికి పోయిన తెలుగు తల్లిదండ్రులు, కారు నడుపనేరక, ఎదుట కనిపించు అంగడికి నడచి పోలేక ఇంటనే నిలిచిపోవుట పలు కుటుంబములు ఎరిగినదే. భారతదేశమున ప్రభుత్వ గణాంకముల ప్రకారము 2022లో రహదారి ప్రమాదములందు మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. ఇక్కడను ఊరు పంచాయతీది, ఊరి నడుమ చీల్చుకొనిపోవు రహదారి వేరొక సంస్థది. రోడ్డు వెడల్పైనపిమ్మట బడి ఆ ప్రక్కను, గుడిసెలు ఈ ప్రక్కను మిగిలిన గ్రామములు ఎన్నియో కలవు. పాదచారులకు కాలిబాట యుండుట రాజ్యాంగపు 21వ అధికరణము క్రింది జీవనహక్కులో భాగమని 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము ప్రకటించినది. నడక జీవనహక్కు అయినచో దాటుటయు అందులోనిదే. ఏలయన దాటుటకు వీలులేని దారిలో నడక సగములోనే తెగిపోవును.

కాబట్టి మూడు ప్రశ్నలకును సమాధానములు ఇట్లు తేలుచున్నవి. దారి అందరిది, అందు పోవువానికి ఎంత హక్కు కలదో అడ్డముగా దాటువానికిని అంత హక్కు కలదు. ఎదురుపడినచోట ఆగవలసినవాడు బలవంతుడు, అతడు హాని చేయగలవాడు గనుక. అభయమిచ్చినవాడు అది నిజమగువరకు బాధ్యుడు. పురపాలక సంఘమును రాష్ట్ర శాఖయు అధికారము ఎవరిదని వాదించుకొనుచున్నంతకాలము ఆ అభయము ఇరువురి చేతులలోను ఉండదు. ఇద్దరును కూడి ఒక్క తావున ఒక్క దాటుదారిని సరిగా నిర్మించినచో, వాదములో తెగని ధర్మము అక్కడ తారుపైననే తెగును.

దీపము వెలిగినప్పుడు ఏడు వరుసల వాహనములు ఆగి నిలుచును. ఆగినవారిలో ధనికులు కలరు, అధికారులు కలరు, తొందర గలవారు కలరు. వారి ఎదుట సంచి పట్టుకొని ఒక కూలిమనిషి తన నడకతో తాను దాటిపోవును. ఆమె ఎవరికిని నమస్కరింపనక్కరలేదు, పరుగెత్తనక్కరలేదు. ఆ ఇరువదిమూడు సెకనులు ఆమెవి. ఒక నగరము సభ్యత గలదని చెప్పుటకు ఎత్తైన మేడలను చూపనక్కరలేదు. ఆ ఇరువదిమూడు సెకనులను చూపిన చాలును.